అటక మీద ఫోను

ఆదివారం మహబూబ్‌నగర్‌లో మా ఇంటి అటక సర్దుతుంటే నా పాత ఫోను దొరికింది. అద్దం మూలన పగిలింది, బ్యాటరీ ఉబ్బింది. 2017లో ఆరు వేలకు కొన్నాను.

అంతకు ముందే, 2014లో, గూగుల్ వారి చవక ఆండ్రాయిడ్ వన్ ఫోన్లు సుమారు 6,400 రూపాయలకు వచ్చాయి. లోపల తైవాన్ సంస్థ మీడియాటెక్ చిప్. కొనాలని తహతహలాడాను కానీ అప్పట్లో ఒక్క జీబీ డేటాకే రెండు వందలు దాటేది! ఫోను కొని షోకేసులో పెట్టుకోవాలా? 2016 సెప్టెంబరులో జియో, నవంబరులో వాట్సాప్ వీడియో కాల్ వచ్చాక ధైర్యం చేశాను.

నాన్న అప్పుడు పుణేలో మేస్త్రీ పనిలో ఉన్నారు. పాలమూరు ఇళ్లలో ఇది కొత్త సంగతేమీ కాదు. తొలిసారి వీడియోలో కొడుకు కనబడగానే నానమ్మ కొంగు సర్దుకుంది. "ఇంత చిక్కిపోయావేమిరా? తింటున్నావా?" అంటూ చేతిలోని జొన్నరొట్టె తుంచి తెరకు ఆనించింది. (ఆ ముందు కెమెరాలో ఎవరైనా చిక్కినట్టే కనిపిస్తారు, అది వేరే సంగతి.) నాన్న నవ్వారు, తర్వాత కాసేపు మాట్లాడలేదు. నెట్ ఆగిందేమో అనుకున్నాను.

ఉబ్బిన బ్యాటరీ ప్రమాదమని తీసేయించాను. ఫోను మాత్రం మళ్లీ అటకెక్కింది.