లివర్ మార్పిడి కుట్ల దగ్గర హెర్నియా: నా అనుభవం

లివర్ మార్పిడి అయ్యి అంతా కుదుటపడిందనుకున్నాక, మంచం మీంచి లేచినప్పుడల్లా పాత కోత దగ్గర పొట్ట ఉబ్బడం, పడుకుంటే మళ్లీ లోపలికి పోవడం మొదలైంది. కొత్త లివర్‌కి ఏమైందో అని ఇంటిల్లిపాదికీ టెన్షన్. రక్తపరీక్షలు బాగానే ఉన్నాయి, సీటీ స్కాన్‌లో హెర్నియా అని తేలింది, అంటే పాత కోత దగ్గర పొట్ట కండరం విడిపోయి పేగులు బయటికి ఉబ్బడం. మాలాంటి వాళ్లకి ఇది అరుదేమీ కాదట. పక్కటెముకల కింద అంత పెద్ద కోత, అది అతుక్కోవాల్సిన రోజుల్లోనే స్టెరాయిడ్లు, రిజెక్షన్ (కొత్త లివర్‌ని ఒళ్లు తిప్పికొట్టడం) రాకుండా వేసే మాత్రలు. పైగా జబ్బుతో అప్పటికే కండ కరిగిపోయి ఉంటుంది.

విజయవాడ సూర్యారావుపేటలో సర్జన్ గారు ముందు అడిగింది మాత్రల చీటీ. అందులో రిజెక్షన్ రాకుండా వేసే ఎవరోలిమస్ మాత్ర చూసి, "ఇది వాడుతుండగా కోస్తే గాయం సరిగ్గా మానదండీ, మీ లివర్ డాక్టరు గారితో మాట్లాడకుండా నేను చేయను" అన్నారు. నాకు ఆయన మీద గురి కుదిరింది అక్కడే. వాళ్లిద్దరూ మాట్లాడుకుని, ముందుగానే దాన్ని ఆపి, రిజెక్షన్‌కే వాడే ఇంకో మందు టాక్రోలిమస్‌కి మార్చారు. ఈ మార్పు మాత్రం దయచేసి ఎవరూ సొంతంగా చేయకండి, లివర్‌కే ముప్పు. రక్తంలో టాక్రోలిమస్ ఎంత ఉందో (లెవెల్) చూడాలంటే రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకి, పొద్దుటి మాత్ర ఇంకా వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. మాత్ర జేబులో పెట్టుకుని, మంచినీళ్ల సీసాతో ల్యాబ్ మెట్ల మీద కూర్చునేవాణ్ణి, సూది తీయగానే అక్కడే వేసుకునేవాణ్ణి. షుగర్ కూడా అదుపులోకి వచ్చాకే తేదీ ఇచ్చారు.

ఆపరేషన్‌లో పేగుల్ని లోపలికి సర్ది, కండరం వెనక మెష్ (వల లాంటిది) పరిచి కుట్టారు. మర్నాడే, గాయంలో చేరే నీరు బయటికి పోయే డ్రెయిన్ గొట్టంతోనే నడిపించారు. అన్నిటికంటే నరకం దగ్గు. దిండుని రెండు చేతులతో పొట్టకి అదిమిపట్టుకుని దగ్గమని చెప్పిన నర్సమ్మకి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే. నొప్పికి బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వద్దన్నారు, టాక్రోలిమస్‌తో కలిస్తే కిడ్నీల మీద పడతాయి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్ కూడా వద్దు, క్లారిత్రోమైసిన్ లాంటివి టాక్రోలిమస్ లెవెల్‌ని బాగా పెంచేస్తాయి.

మన బెజవాడ ఎండల్లో పొట్ట బెల్టు పెద్ద శిక్ష, కింద నూలు బనియన్ వేసుకున్నాక చెమటపొక్కులు తగ్గాయి. గ్యాస్ బండ, నీళ్ల బిందె ఇప్పటికీ ముట్టుకోనివ్వట్లేదు మా ఆవిడ.

ఆపరేషన్ ఇంకా కాని వాళ్లు ఒక్కటి చూసుకోండి: ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, నొప్పితో పాటు వాంతులైనా పేగు ఇరుక్కుని ఉండొచ్చు. తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లిపోండి.