పీడీఎఫ్ కాదండీ

“మేడమ్, జర్నల్ వాళ్లు అచ్చువేసిన పీడీఎఫ్ కాదండీ, నిపుణుల రివ్యూ పూర్తయ్యాక ఆమోదం పొందిన మీ వర్డ్ ఫైలు కావాలి, అందరూ ఉచితంగా చదివేలా మన ఆన్‌లైన్ భాండాగారంలో పెట్టడానికి” అని ఈ మధ్యాహ్నం లైబ్రరీలో నేను చెప్పగానే, విశాఖ ఉక్కపోతలో చెమటోడుస్తూ వచ్చిన ప్రొఫెసరు గారు పెన్‌డ్రైవు పట్టుకుని నిలబడిపోయారు. వెతగ్గా దొరికిన ‘ఫైనల్ కొత్తది 3’ నిండా ఎర్రరంగు దిద్దుబాట్లే.

కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ), శాస్త్ర సాంకేతిక విభాగం (డీఎస్‌టీ) 2014లో తెచ్చిన ఓపెన్ యాక్సెస్ (అందరికీ ఉచితంగా చదివే వీలు) విధానం ప్రకారం, వాటి నిధులతో రాసిన వ్యాసపు ఆమోదిత ప్రతిని ఇలాంటి భాండాగారంలో (రిపాజిటరీలో) ఉంచితే సరిపోతుంది. వ్యాసాన్ని అందరికీ తెరిచి ఉంచడానికి ప్రచురణకర్తకు రుసుము కట్టి తీరాలన్న నిబంధనేమీ లేదు. అయినా గ్రాంటు సొమ్మును అక్కడే ధారపోసేవారు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు.

“వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది కదా, ఇంకా ఇదెందుకు?” అన్నారావిడ. 2025లో మొదలైన ఆ పథకం ప్రభుత్వ సంస్థల్లోని వారికి జర్నళ్లు చదివే వీలు కల్పిస్తోంది గాని, గాజువాకలో ప్రైవేటు కాలేజీలో చదివే కుర్రాడికి ఈవిడ వ్యాసాన్ని అందించడం లేదు.