వత్తిదే పెత్తనం

ఇవాళ సెలవు. కొవ్వొత్తులు పోద్దామంటే వంటగది నా చేతికొచ్చేసరికి పది దాటింది. కాటా, థర్మామీటర్, పాత స్టీలు గిన్నె, గాజు గ్లాసులు గట్టు మీద పరిచి, ముందుగా ఫ్యాన్ ఆపేశాను. పోసిన మైనానికి గాలి తగిలితే ఒక పక్క తొందరగా, ఒక పక్క నెమ్మదిగా చల్లారి పైన నెర్రెలిస్తుంది.

"ఈసారి ఏం వాసన నాన్నా?" అంది అమ్మాయి. ఎవరైనా మొదట అడిగేది ఇదే. నిజానికి వాసనతో పని ఐదు నిమిషాలు. మిగతా పూటంతా వేడి చూసుకోవడానికీ, వత్తితో వేగడానికీ సరిపోతుంది. లావెండర్ అని చెప్పాను.

సోయా మైనం 400 గ్రాములు తూచాను. దానికి 8 శాతం చొప్పున 32 గ్రాముల వాసన నూనె. చెంచాలతో కొలిస్తే కుదరదు, ఒక్కో నూనె బరువు ఒక్కోలా ఉంటుంది. ఘాటుగా ఉండాలని ఇంకాస్త ఒంపాలనిపిస్తుంది గానీ, మైనం పట్టి ఉంచుకోగలిగేదానికి ఒక హద్దుంది. అది దాటితే నూనె పైకి చెమటలా తేలుతుంది, పోయి వత్తిలో అడ్డుపడుతుంది. వాసన పెరగదు సరికదా, మంటే సరిగా నిలవదు.

మైనం గిన్నెని ఎప్పుడూ నీళ్ళ గిన్నెలో పెట్టే కరిగిస్తాను. నీళ్ళు మరిగినా 100 డిగ్రీలు దాటవు కాబట్టి మైనం కూడా అదుపులో ఉంటుంది. నేరుగా మంట మీద పెడితే నీళ్ళలా కుతకుతమని హెచ్చరించదు. ఊరికే వేడెక్కుతూ పోయి, పొగ లేచి, అంటుకుంటుంది. అప్పుడు కంగారులో నీళ్ళు చల్లితే అవి ఒక్కసారిగా ఆవిరై మండే మైనాన్ని నలువైపులా చిమ్ముతాయి. అందుకే సరిపడా మూత ఒకటి పొయ్యి పక్కనే పెట్టుకుంటాను. ఈ ఒక్క విషయంలో ఇంట్లో ఎవరితోనూ రాజీ లేదు.

సోయా మైనం 50 డిగ్రీల చుట్టుపక్కలే కరిగిపోతుంది. అయినా 85 దాకా తీసుకెళ్ళి, దించి, అప్పుడు నూనె పోసి రెండు నిమిషాలు మెల్లగా కలిపాను. చల్లటి మైనంలో నూనె సమంగా కలవదు. అలాగని పొయ్యి మీదే ఉంచి కలుపుతూ కూర్చుంటే తేలికగా ఎగిరిపోయే భాగాలు ముందే వెళ్ళిపోతాయి. చేసేటప్పుడు ఇల్లంతా ఘుమఘుమలాడిందని మురిసిపోయేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది. ఆ వాసనంతా కొవ్వొత్తిలో ఉండాల్సిందే కదా! నిమ్మ, నారింజ నూనెలైతే మరీ నిలకడ లేనివి. చందనంలాంటి బరువైన వాసన తోడుంటే నయం.

పోయడానికి 60 దాకా చల్లారాలి. ఈ ఖాళీలోనే అమ్మాయికి నా ఇష్టమైన ప్రయోగం చూపించాను. 1860 చివర్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైఖేల్ ఫారడే అనే శాస్త్రవేత్త ఒక్క కొవ్వొత్తి చుట్టూ పిల్లలకి వరసగా ఉపన్యాసాలిచ్చాడు. అందులో చూపించినదే ఇది. వెలుగుతున్న కొవ్వొత్తిని ఊది ఆర్పగానే తెల్లటి పొగ లేస్తుంది. వత్తికి కాస్త ఎడంగా, ఆ పొగకే అగ్గిపుల్ల అంటిస్తే మంట కిందికి దూకి వత్తిని పట్టుకుంటుంది. మండేది గడ్డ మైనమూ కాదు, కరిగిన మైనమూ కాదు, దాని ఆవిరి. వత్తి కరిగినదాన్ని పైకి పీల్చి మంటకి అందిస్తుంది, అంతే. "మళ్ళీ, మళ్ళీ" అంటూ సగం అగ్గిపెట్టె ఖాళీ చేయించింది.

వత్తి అల్లిక కూడా చూపించాను. పూర్వం పేనిన దారం వాడేవారు. అది నిటారుగా నిలబడి బొగ్గు కట్టి పొగలు కక్కేది, మాటిమాటికీ కత్తిరించాల్సి వచ్చేది. 1825 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో కాంబసెరెస్ అనే ఆయన దాన్ని జడలా అల్లించాడు. అల్లిన వత్తి కాలేకొద్దీ పక్కకి వంగుతుంది, కొస మంట అంచులో గాలి బాగా తగిలేచోటికి వెళ్ళి తనే కాలి బూడిదవుతుంది. అంత చిన్న మార్పు! ఇంత జరిగినా ఇంట్లో వెలిగించే ముందు ఆరు మిల్లీమీటర్లకి కత్తిరించుకోవడమే మంచిది.

అసలు చిక్కు వత్తి లావు. వెలిగించాక వాసన ఎక్కువగా వచ్చేది చుట్టూ కరిగి నిలిచిన మైనం మడుగులోంచి. సన్న వత్తి పెడితే మడుగు గోడ దాకా చేరదు, మధ్యలో నుయ్యి తవ్వుకుంటూ దిగిపోతుంది. లావుదైతే మసి, సెగ, కొసన పుట్టగొడుగులా బొగ్గు. అమ్మేవాళ్ళిచ్చే పట్టిక మొదలుపెట్టడానికే పనికొస్తుంది. నూనె మారితే అదే గ్లాసులో అదే వత్తి ఇంకోలా మండుతుంది. ఇంతకుముందు పోసినదాన్ని మధ్యాహ్నం వెలిగించి, మూడు గంటలయ్యాక స్కేలుతో కొలిచాను. గోడకి అర సెంటీమీటరు దూరంలో ఆగింది. ఒక సైజు పెద్దది తెప్పించాలి.

ఇవాళ పోసినవాటికి తేదీ, వత్తి సైజు, నూనె శాతం రాసి అంటించాను. సోయా అయితే వెలిగించే ముందు వారం పది రోజులు ఆగాలి. పైకి గడ్డకట్టినా లోపల స్ఫటికాలు ఇంకా కుదురుకుంటూనే ఉంటాయి. ఈలోగా నేను మూత తీసి చూసినా లాభం లేదు, నా ముక్కు మొద్దుబారిపోయింది. అమ్మాయే వాసన చూసి "సబ్బులా ఉంది" అని తేల్చేసింది.

పైన ఎండుపూలు అద్దుదామంది. వద్దన్నాను, మంట తగిలితే ప్రతి రేకూ ఇంకో వత్తే. కాసేపటికి క్రేయాన్ల డబ్బాతో వచ్చింది, పోనీ రంగైనా కరిగించి పోద్దామని. వాటి రంగు కరగదు, పొడిగానే ఉండి వత్తి పోగుల్లో ఇరుక్కుంటుందని చెప్పాను.

"అన్నిటికీ వత్తే అడ్డమా నాన్నా?"

నూనెలో కరిగే రంగు తెప్పిస్తానని మాటిచ్చాక గానీ ఆ డబ్బా వంటగది దాటలేదు.