అమ్మమ్మ వీడియో: 26 సెకన్ల పాట కోసం

మొదటి వారం

అమ్మమ్మ తన తెనాలి చిన్నతనం గురించి చెబుతుంటే ఫోన్‌లో రికార్డు చేశాను. దాంతో ఏడు నిమిషాల వీడియో ఎడిట్ చేస్తున్నాను. తొమ్మిదేళ్లప్పుడు హాల్లో చూసిన 'మాయాబజార్' దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గొంతే మారిపోయింది. "ఏరా, పడవ పాట పెడతావుగా?" అని అడిగింది. 'లాహిరి లాహిరి' 26 సెకన్లు పెట్టి, అన్‌లిస్టెడ్‌గా, అంటే లింకు ఉన్నవాళ్లకే కనబడేలా, యూట్యూబ్‌లో ఎక్కించాను. కాఫీ తాగి వచ్చేలోపు కంటెంట్ ఐడీ (వీడియోల్లో ఇతరుల పాటల్ని యూట్యూబ్ తనంతట తనే పట్టుకునే ఏర్పాటు) క్లెయిమ్ వచ్చింది.

క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. క్లెయిమ్ ఆ ఒక్క వీడియోకే. యాడ్ డబ్బులు హక్కుదారుకి వెళ్తాయి, లేదా కొన్ని దేశాల్లో వీడియో కనబడదు. స్ట్రైక్ అంటే హక్కుదారు తీసేయమని నోటీసు పంపారని. 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే పోవచ్చు. 'పది సెకన్లలోపు వాడితే ఫరవాలేదు', 'క్రెడిట్ ఇస్తే చాలు' అని చాలామంది నమ్ముతారు. మన 1957 కాపీరైట్ చట్టంలో అలాంటి మినహాయింపు లేదు. 52వ సెక్షన్ సొంత వాడకానికి, విమర్శకు, సమీక్షకు, వార్తలకు చోటిస్తుంది. నేను చేస్తున్నది సమీక్ష కాదు, పైగా అందరికీ చూపించాలనుకుంటున్నాను.

రెండో వారం

ఈ వారం ఎడిటింగ్ ముట్టుకోలేదు. నోట్‌బుక్‌లో హక్కుల లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. నా కళ్లు తెరిపించింది ఈ లెక్కే.

సినిమాకీ, సౌండ్ రికార్డింగ్‌కీ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 'మాయాబజార్' 1957 మార్చిలో వచ్చింది కాబట్టి, మన దేశంలో 2017తో ఆ గడువు తీరిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. కానీ సాహిత్యానికీ బాణీకీ లెక్క వేరు: రాసినవాళ్లు, కట్టినవాళ్లు పోయాక 60 ఏళ్లు. పాట రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు, అంటే ఆ మాటలకు 2031 చివరిదాకా రక్షణ ఉంది. బాణీ సాలూరి రాజేశ్వరరావుగారిది. ఆయన పోయింది 1999లో, కాబట్టి 2059 దాకా. బొమ్మ, రికార్డు స్వేచ్ఛగా ఉన్నా పాట మాత్రం కాదన్నమాట. సంభాషణలూ పింగళివే, వాటికీ ఇదే లెక్క.

మూకీగా, ఆ వెన్నెల్లో పడవ షాట్ ఒక్కటే వాడదామా? మార్కస్ బార్ట్లే తీసిన ఆ నీళ్ల మెరుపు చూస్తే వదలబుద్ధి కాలేదు. రంగుల్లోకి మార్చిన 2010 ప్రింటు కొత్తగా చేసింది కాబట్టి దాని జోలికి వెళ్లకూడదు, నలుపు తెలుపుదే తీసుకోవాలి. చిక్కల్లా అమెరికా. అక్కడ ఆ కాలపు సినిమాకి విడుదల నుంచి 95 ఏళ్లు. మా పిన్నివాళ్లు చూసేది అక్కడి నుంచే.

మూడు, నాలుగు వారాలు

పాట హక్కులున్న సంస్థకి మెయిల్ పెట్టాను. మొదటిది 'మీ పాట వాడుకోవచ్చా అండీ' అన్నంత పొడిగా ఉంది, జవాబు రాలేదు. రెండోది ఇలా రాశాను: ఏ పాట, పాటలో ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, నా వీడియోలో 2:10 నుంచి 2:36 వరకు, ఒక్క యూట్యూబ్‌లోనే, యాడ్స్ లేవు, ఎన్నేళ్లకు, ఏ దేశాలకు. సబ్జెక్టులోనే పాట పేరు, '26 సెకన్లు' అని పెట్టాను. నాలుగో రోజున జవాబొచ్చింది. ఏడాదికి మాత్రమే అనుమతి, బొమ్మకి సంబంధం లేదు, ధర నేను మైకు కోసం దాచుకున్నదానికి రెట్టింపు. మర్యాదగా వద్దని రాశాను. వివరంగా అడిగితే స్పష్టమైన జవాబు వస్తుందని మాత్రం తేలింది.

ఐదో వారం

పాట బదులు త్యాగరాజ కీర్తన. ఆయన 1847లో పోయారు, మాటలకూ బాణీకీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ ఎవరో పాడిన రికార్డు దించుకోకూడదు, అది వాళ్లది. అన్నమయ్య అనుకున్నాను గానీ, మనం వినే బాణీలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. వాటిలో కొన్ని కట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు పోయింది 1979లో కదా.

వయొలిన్ మా పెదనాన్నగారి అమ్మాయి వాయించింది. ఫ్యాను ఆపి, కిటికీలకి దుప్పట్లు కట్టి, మూడు టేకులు. వాడుకునే హక్కు ఇస్తూ కాగితం మీద సంతకం అడిగితే "నా దగ్గర కూడానా?" అంది. "నీ కోసమేనక్కా" అన్నాను. గడువు రాయకపోతే చట్టం ఐదేళ్లే అనుకుంటుంది, ప్రాంతం రాయకపోతే ఇండియా మాత్రమే. అందుకే రెండూ రాయించి, ఆవిడకో కాపీ ఇచ్చాను.

నిన్న రాత్రి

ఫైనల్ కట్ చూస్తుంటే 3:41 దగ్గర ఆగిపోయాను. అమ్మమ్మ కళ్లు మూసుకుని, కుడిచెయ్యి తెడ్డులా ఊపుతూ, రెండు చరణాలు తనే పాడింది. అవీ పింగళి మాటలే, రాజేశ్వరరావుగారి బాణీయే. చాలాసేపు ఆలోచించాను. చివరికి బయటి వీడియోలో ఆ చోట శబ్దం తగ్గించి, ఊగే చెయ్యి మీద వయొలిన్ వేశాను. పడవ షాట్ తీసేశాను. నిడివి 6:20 అయింది.

ఇంటి కాపీ వేరుగా పెన్‌డ్రైవ్‌లో వేశాను, అమ్మమ్మ టీవీలో చూసుకోవడానికి. అందులో పాట 26 సెకన్లూ ఉన్నాయి, ఆవిడ పాడిందీ ఉంది. ఆదివారం తెనాలి తీసుకెళ్తున్నాను.