తొమ్మిది మంది పుట్టారు, ఐదుగురు ఉన్నారు: ఒక జర్మన్ కుటుంబాన్ని అమెరికా జనాభా లెక్కల్లో వెతికిన నా అనుభవం

మా కోడలి నాయనమ్మగారికి తొంభై రెండేళ్లు. మిన్నెసోటా రాష్ట్రంలో మెక్లౌడ్ కౌంటీలో పుట్టి, అక్కడే పెరిగి, ఇప్పటికీ అక్కడే ఉంటున్నారు. మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు ఆవిడను మొదటిసారి కలిశాను. మీ పెద్దల పేర్లు మీకు ఎంతవరకు తెలుసు అని ఆవిడ నన్ను అడిగారు. మా నాన్నగారు తర్పణాలు విడిచేటప్పుడు చిన్నప్పటి నుంచి విన్న మూడు తరాల పేర్లు చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తన తండ్రి తాతగారు జర్మనీ నుంచి వచ్చారన్నది తప్ప తనకేమీ తెలియదని, ఏ ఊరి నుంచి వచ్చారో తెలుసుకుని పోవాలని ఉందని అన్నారు. నేను ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పిన ఉపాధ్యాయురాలిని, రెండుసార్లు జనాభా లెక్కల డ్యూటీ చేసినదాన్ని. వెతికి పెడతానని మాట ఇచ్చాను. ఆ కుటుంబం ఇంటిపేరును ఇక్కడ రాయడం లేదు. జర్మన్‌లో ‘జె’ అక్షరంతో రాసి ‘య’ అని పలికే పేరు అది, అంతవరకు చెబితే చాలు.

మన దేశంలో ఈ పని ఇలా చేయడానికి వీలు లేదు. 1948 నాటి జనగణన చట్టం ప్రకారం, ఇంటింటికీ తిరిగి లెక్క రాసే ఎన్యూమరేటరు నింపిన షెడ్యూలును, అంటే ఆ వివరాల పత్రాన్ని, ఎవరూ తీసి చూడకూడదు. అమెరికాలో డెబ్బై రెండేళ్లు గడిచాక ఆ పుటలను ప్రజల ముందు పెడతారు. 1950 నాటి లెక్కలు 2022 ఏప్రిల్ 1న బయటికి వచ్చాయి. ఫ్యామిలీసెర్చ్ అనే సైటులో ఖాతా తెరిస్తే చాలావరకు ఉచితంగానే చూడవచ్చు.

ఈ పనిలో మొదటి సూత్రం తెలిసినచోట మొదలుపెట్టి ఒక్కో మెట్టూ వెనక్కి దిగడం. జర్మనీలో మొదలుపెట్టి ముందుకు రావాలనుకునేవారు దారి తప్పుతారు. అందుకని నాయనమ్మగారితోనే మొదలుపెట్టాను. 1940 పుటలో ఆవిడ ఎనిమిదేళ్ల పిల్లగా కనిపించారు. ఆ ఏడు సమాచారం చెప్పిన వ్యక్తి పేరు పక్కన, సున్న చుట్టిన ఇంటూ గుర్తు పెట్టమని ఎన్యూమరేటర్లకు ఆదేశం ఉండేది. ఆ ఇంట్లో ఆ గుర్తు ఆవిడ తల్లి పేరు పక్కన ఉంది. నేను దాని అర్థం చెప్పగానే, నాయనమ్మగారు తెరమీద ఆ గుర్తుపై వేలు ఆనించి, అయితే ఆ మనిషి వచ్చినప్పుడు తలుపు తీసింది మా అమ్మేనన్నమాట అన్నారు. ఆ క్షణం తరువాత ఈ పని నాకు కేవలం మాట ఇచ్చిన పనిగా మిగలలేదు.

1930, 1920, 1910 పుటలు సులభంగానే దొరికాయి. 1930లో ఇంట్లో రేడియో ఉందా అనే గడి కూడా ఉంది. వీళ్ల ఇంట్లో ఉంది. 1910 పుటలో నాయనమ్మగారి తాతగారు గృహ యజమాని, ఆయన తండ్రి, అంటే జర్మనీ నుంచి వచ్చిన పెద్దాయన, అదే ఇంట్లో డెబ్బై రెండేళ్ల వృద్ధుడిగా ఉన్నారు. మాతృభాష జర్మన్ అని ఉంది. అమెరికాకు వచ్చిన సంవత్సరం 1869 అని ఉంది. 1900 పుటలో ఇదే మనిషికి ఇదే ప్రశ్నకు 1866 అని ఉంది. పక్క గడిలో పౌరసత్వం పొందినట్టు తెలిపే సంకేతాక్షరాలు ఉన్నాయి.

ఇక్కడే నా పాత డ్యూటీ నాకు అక్కరకు వచ్చింది. జనాభా లెక్కల పుటను శాసనంలాగా చదవకూడదు. అది ఒక గుమ్మంలో నిలబడి, అలసిన మనిషి ఒకరు అడిగితే, పనిలో ఉన్న మనిషి ఒకరు చెప్పిన మాట. 2001 ఫిబ్రవరిలో నేను ఇంటింటికీ తిరిగినప్పుడు యజమాని పొలానికి పోతే కోడలు చెప్పిన వయసే రాసుకున్నాను. వయసు అడిగితే తుఫాను ఏడు పుట్టానని చెప్పినవారి లెక్కను నేనే కట్టాను. ఆ జర్మన్ రైతు ఇంటి ముందు నిలబడ్డవాడూ అదే చేసి ఉంటాడు. అందుకే పదేళ్లకొకసారి జరిగే లెక్కల్లో మనుషులు ఒక్కోసారి ఏడేళ్లే పెరుగుతారు, ఒక్కోసారి పన్నెండేళ్లు పెరుగుతారు. వలస వచ్చిన సంవత్సరం రెండు పుటల్లో రెండు రకాలుగా ఉంటే ఏదో ఒకటి అబద్ధమని కొట్టివేయకుండా, రెంటినీ పక్కన పెట్టి వేరే సాక్ష్యం వెతకాలి.

1900కు వెనక్కి వెళితే ఒక పెద్ద ఖాళీ ఎదురవుతుంది. 1890 నాటి పుటలు దాదాపు అన్నీ పోయాయి. 1921 జనవరిలో వాషింగ్టన్‌లోని వాణిజ్య శాఖ భవనం నేలమాళిగలో మంటలు లేచి కొన్ని కాలాయి, మరికొన్ని నీటిలో నానిపోయాయి, మిగిలినవాటిని తరువాత ప్రభుత్వమే నాశనం చేసింది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో వచ్చిన కుటుంబాలను వెతికేవారందరికీ ఇది ఇరవై ఏళ్ల చీకటి. అదృష్టవశాత్తు మిన్నెసోటా రాష్ట్రం 1885లోనూ 1895లోనూ తన సొంత లెక్కలు వేయించుకుంది. 1895 పుటలో రాష్ట్రంలో ఎన్నేళ్లుగా ఉంటున్నారన్న ప్రశ్న కూడా ఉంది. పెద్దాయన పేరుకు ఎదురుగా పదిహేడేళ్లు అని రాసి ఉంది. అంటే 1878 ప్రాంతంలో వాళ్లు మరెక్కడి నుంచో మిన్నెసోటాకు వచ్చారు.

1880 పుట కోసం నేను నెలరోజులకు పైగా కష్టపడ్డాను. ఇంటిపేరుతో ఎంత వెతికినా ఒక్కరూ దొరకలేదు. ఆ లెక్కలకు తరువాతి కాలంలో సూచిక తయారుచేసినప్పుడు సౌండెక్స్ అనే పద్ధతి వాడారు. పేరులో మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి, మిగిలిన హల్లులను మూడు అంకెలుగా మారుస్తారు కాబట్టి, ఒకే ధ్వని గల పేర్లు ఎలా రాసినా ఒకేచోట చేరతాయి. కాని మొదటి అక్షరమే మారిపోతే ఆ పద్ధతి ఏమీ చేయలేదు. చివరికి నేను ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలి, పెద్దాయన పేరు, సుమారు వయసు, కౌంటీ పేరు మాత్రమే ఇచ్చి వెతికాను. అప్పుడు దొరికారు. ఎన్యూమరేటరు జర్మన్ రాని మనిషి అయి ఉంటాడు. చెవికి ‘య’ అని వినబడింది కాబట్టి ‘వై’ అక్షరంతో రాశాడు. జర్మన్ కుటుంబాలను వెతికేవారు ఇలాంటి మార్పులకు సిద్ధంగా ఉండాలి: ‘వ’ అని పలికే డబుల్యు, ‘ఫ’ అని పలికే వి, ఒకదానికొకటి మారిపోయే గ-క, బ-ప, ద-త ధ్వనులు, జర్మన్‌లో పైన ఉండే రెండు చుక్కలు పోయిన అచ్చులు. న్యూయార్క్ రేవులో వలస వచ్చినవారిని తనిఖీ చేసిన ఎల్లిస్ ద్వీపంలో అధికారులు పేర్లు మార్చేశారని చాలా కుటుంబాల్లో చెప్పుకుంటారు. ఆ కేంద్రం తెరిచిందే 1892లో, ఈ కుటుంబం అంతకు పాతికేళ్ల ముందే వచ్చింది. పేరు మారింది ఇలా, ఒక్కో గుమ్మంలో, ఒక్కో చెవిలో.

వ్యక్తుల పేర్ల సంగతి ఇంకొక చిక్కు. లూథరన్ అనే ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖకు చెందిన జర్మన్ ఇళ్లలో అన్నదమ్ములందరికీ యోహాన్ అని మొదట పెట్టి, తరువాతి పేరుతో పిలుచుకోవడం మామూలు. మన ఇళ్లలో తాతగారి పేరు బడి రికార్డులో ఉండి, పిలిచేది ఇంకొకటైనట్టు. ఆ పిలుపు పేరు కూడా అమెరికాలో మారుతుంది. విల్‌హెల్మ్ విలియం అవుతాడు, హైన్రిష్ హెన్రీ అవుతాడు, కార్ల్ చార్లెస్ అవుతాడు. ఫ్రీడెరికె ఒక పుటలో రికా, మరొక పుటలో రెకా. ఈ ఇంటి ఇల్లాలి పేరు కూడా నాలుగు పుటల్లో నాలుగు రకాలుగా ఉంది. ఆవిడను గుర్తుపట్టింది పేరును బట్టి కాదు, ఆవిడ పక్కన వరసగా ఉన్న పిల్లల వయసులను బట్టి.

మధ్యలో ఒక తప్పుదారి కూడా పట్టాను. ఎవరో తయారుచేసి పెట్టిన ఒక వంశవృక్షంలో ఈ పెద్దాయన బాడెన్ నుంచి 1854లో న్యూయార్క్ చేరినట్టు ఉంది. దానినే ఇంకా పలువురు తమ వృక్షాల్లోకి ఎక్కించుకున్నారు. పది మంది రాశారు కదా అని నమ్మి మూడు వారాలు ఆ దారిలో నడిచాను. 1870 పుట దొరికాక గాని నా తప్పు తెలియలేదు. జర్మన్ సామ్రాజ్యం ఏర్పడింది 1871లో. అంతకు ముందరి లెక్కల్లో జర్మనీ అని కాక ప్రష్యా, బవేరియా, బాడెన్, హానోవర్ అని రాజ్యాల పేర్లు రాసేవారు. ఈ కుటుంబానికి ఎదురుగా ప్రష్యా అని స్పష్టంగా ఉంది. బాడెన్ మనిషి వేరే మనిషి. పేరొకటే.

ఆ 1870 పుట విస్కాన్సిన్‌లోని డాడ్జ్ కౌంటీది. ముగ్గురు పిల్లలున్నారు. ఏడేళ్లవాడు ప్రష్యాలో పుట్టాడు, నాలుగేళ్ల పిల్ల ప్రష్యాలో పుట్టింది, ఏడాది పిల్లవాడు విస్కాన్సిన్‌లో పుట్టాడు. పెద్దవాళ్లు తాము వచ్చిన ఏడు మరచిపోవచ్చు, పిల్లలు పుట్టిన చోటు మాత్రం ఏ తల్లీ మరచిపోదు. అందుచేత వాళ్లు ఓడ ఎక్కింది 1866కూ 1869కీ మధ్య. బ్రెమెన్ రేవు జాబితాలు చాలావరకు నాశనమయ్యాయి గాని, హాంబుర్గ్ రేవువి 1850 నుంచి భద్రంగా ఉన్నాయి, వాటిలో ప్రయాణికుల సొంత ఊరు కూడా రాస్తారు. 1867 వసంతంలోని ఒక పుటలో భార్యాభర్తలు, నాలుగేళ్ల కొడుకు, ఏడాది కూతురు కనిపించారు. ఇంటిపేరు ఎప్పుడూ రాయవలసినట్టే ‘జె’తో ఉంది, ఎందుకంటే రాసినవాడు జర్మన్. ఊరు ప్రష్యాలోని పోమెరేనియా ప్రాంతంలో, రేగెన్‌వాల్డె జిల్లాలోని ఒక పల్లె. ఇప్పుడది పోలండ్‌లో ఉంది, ఆ జిల్లాకు పేరిచ్చిన పట్టణాన్ని ఇప్పుడు రెస్కో అంటారు. వృత్తి గడిలో కూలి అన్న అర్థం వచ్చే జర్మన్ మాట ఉంది.

ఆ కూలి పదమూడేళ్ల తరువాత ఏమయ్యాడో 1880 నాటి వ్యవసాయ షెడ్యూలులో చూశాను. జనాభా లెక్కలతో పాటు పొలాల లెక్క కూడా రాసేవారు, ఆ పుట చూడాలని చాలామందికి తోచదు. పొలానికి సొంతదారు అన్న గడిలో గీత ఉంది. ఆరు పాడి ఆవులు. అంతకు ముందటి ఏడు ఇంట్లో తీసిన వెన్న మూడు వందల పౌండ్లు. గోదావరి జిల్లాలో కౌలు రైతు కూతురిగా పెరిగిన నాకు సొంతదారు అన్న ఆ గడిని చూస్తే కళ్లు చెమర్చాయి.

అయితే నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టి ఉంచింది 1900 పుటలో ఆ ఇల్లాలి పేరుకు ఎదురుగా ఉన్న రెండు అంకెలు. ఎంతమంది పిల్లల్ని కన్నారు: తొమ్మిది. ఎంతమంది బతికి ఉన్నారు: ఐదు. ఈ ప్రశ్న నేనూ అడిగాను. 2001 షెడ్యూలులో పెళ్లయిన ప్రతి స్త్రీనీ ఎంతమంది పుట్టారు, ఎంతమంది ఉన్నారు అని అడగాలి. ఒక ఇంట్లో ఒకావిడ మొదటి అంకె చెప్పి, రెండో అంకె చెప్పకుండా లోపలికి వెళ్లి నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నీళ్లు తాగేదాకా నిలబడి, అప్పుడు చెప్పింది. ఆ గడిలో అంకె వేయడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు.

బతికిన ఐదుగురి పేర్లు అప్పటికే నా కాగితంలో ఉన్నాయి. మిగిలిన నలుగురి కోసం మళ్లీ వెనక్కి వెళ్లాను. ప్రష్యాలో పుట్టిన ఆ కూతురు 1870లో నాలుగేళ్లది, 1880లో లేదు. డాడ్జ్ కౌంటీలోని లూథరన్ చర్చి ఖనన పుస్తకంలో ఆమె పేరు దొరికింది, సముద్రం దాటి వచ్చిన పిల్ల ఎనిమిదో ఏట పోయింది. రెండో బిడ్డ 1880 మరణాల షెడ్యూలులో ఉన్నాడు. లెక్క తేదీకి ముందు పన్నెండు నెలల్లో చనిపోయినవారిని ఆ పుటలో కారణంతో సహా రాసేవారు. మూడేళ్ల మగపిల్లవాడు, కారణం డిఫ్తీరియా. మూడో బిడ్డ ఏ లెక్కలోనూ లేదు, ఎందుకంటే రెండు లెక్కల మధ్య పుట్టి రెండు లెక్కల మధ్యే పోయింది. మెక్లౌడ్ కౌంటీ చర్చివారు ఎంతో దయతో తమ పాత పుస్తకం చూపించారు. పాత జర్మన్ లిపి రాయడం వచ్చిన ఒక పెద్దమనిషి పక్కన కూర్చుని చదివి పెట్టారు. బాప్తిస్మం తేదీ, దానికి పదకొండు రోజుల తరువాత ఖననం తేదీ. అదే పుటలో, రెండేళ్ల తరువాతి తేదీతో, ఇంకొక ఖననం ఉంది. పేరు లేదు. బాప్తిస్మం కాకముందే పోయిన ఆడశిశువు అని, తండ్రి పేరు మాత్రం ఉంది.

నేను తయారుచేసిన కాగితాన్ని నాయనమ్మగారి ఇంట్లో బల్లమీద పరిచాను. ఊరి పేరు ఆవిడ రెండుసార్లు పలికారు, పలకడం నాకంటే బాగా వచ్చింది. తరువాత పిల్లల వరుస దగ్గరికి వచ్చి లెక్కపెట్టి, ఎనిమిది గడులే ఉన్నాయేమని అడిగారు. పేరు లేని బిడ్డను నేను గడిలో పెట్టకుండా అంచున చిన్న అక్షరాలతో రాశాను. ఆవిడ కలం తీసుకుని, చెయ్యి వణుకుతున్నా స్కేలు ఆనించి, ఎనిమిదో గడి పక్కన తొమ్మిదో గడి గీసి, అందులో ‘కూతురు’ అని రాయమని కలం నా చేతికి ఇచ్చారు.