ముడుచుకోవడం నాకు వచ్చమ్మా

ఆ మధ్య ఒక సెకండ్ హ్యాండ్ స్పోర్ట్ బైక్ చూడ్డానికి వెళ్ళాం, నేనూ మా అమ్మాయీ. ఎక్కి కూర్చుంది, కాళ్ళు రెండూ ఫుట్‌రెస్ట్‌ల మీద పెట్టింది, ఓ ఐదు నిమిషాలు అలాగే ఉండి దిగేసింది. "బానే ఉందిగా, కాళ్ళు నేలకి హాయిగా అందుతున్నాయి, ఇంకేం కావాలి?" అన్నాను. బండి గురించి నాకు తెలిసిన కొలత అదొక్కటే. "నాకు నేల అందకపోవడం ఎప్పుడైందమ్మా? దీని మీద ముడుచుకుని కూర్చోవాలి. ముడుచుకోవడం నాకు చిన్నప్పట్నుంచీ వచ్చు. ఇంక బండి మీద కూడానా?" అంది.

కోపంగా అనలేదు. తిరిగొచ్చేటప్పుడు కారులో ఏదో కూనిరాగం తీస్తూనే ఉంది. నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు.

మా పిల్ల ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. అంటే 185 సెంటీమీటర్లు. నేను ఐదడుగుల ఒక అంగుళం. మా పుట్టింటి వైపు గానీ అత్తింటి వైపు గానీ ఆడపిల్లలు ఇంత పొడుగు లేరు. పన్నెండేళ్ళకే నన్ను దాటేసింది. ఇంటి నుంచి ఫోన్ వస్తే "ఇంకా ఎదుగుతోందా?" అని అడిగేవాళ్ళు, "లేదండీ, ఇంక ఆగిపోతుందని డాక్టరు చెప్పారు" అనేదాన్ని. ఏ డాక్టరూ చెప్పలేదు. ఫొటో తీసుకునేటప్పుడు "కొంచెం వంగవే", "నువ్వు వెనక్కి వెళ్ళు", ఎక్కడికైనా బయల్దేరితే "ఆ మడమ చెప్పులొద్దు, ఇంకా ఎత్తు కనిపిస్తావు". ఇలాంటివి రోజుకి ఒకటి చొప్పున ఎన్నేళ్ళు అన్నానో లెక్క లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మన భాష రాని ఇక్కడి బళ్ళో తన పేరు ఎవరికీ నోరు తిరగట్లేదని తొమ్మిదేళ్ళప్పుడు దాన్ని సగానికి కోసుకుంది. ఎంత గొడవ చేశానో! టీచరు దగ్గరికి వెళ్ళి పూర్తి పేరు పలకండని పట్టుబట్టాను. ఇంట్లో తనకి మన పేరు, మన భాష అంటూ గంటలకి గంటలు చెప్పాను. బయటివాళ్ళ కోసం పిల్ల పేరు కుదించుకుంటే నాకు అంత బాధేసింది. ఇంట్లోవాళ్ళ కోసం అదే పిల్ల మనిషే కుదించుకుని నడుస్తుంటే, భుజాలు ముందుకి పడిపోయి మెడ వంగిపోతుంటే, అది వయసు వల్లలే అనుకున్నాను.

ఇక బండి సంగతి. చిన్న బండి రెండేళ్ళుగా నడుపుతోంది, ఒకటే సిలిండరుది. లైసెన్సు, ట్రైనింగు అన్నీ పద్ధతిగా చేసింది. ఇప్పుడు రెండు సిలిండర్ల స్పోర్ట్ బైక్ కావాలంది. వద్దన్నాను. ఎనిమిది నెలలు వద్దంటూనే ఉన్నాను. అదే మా అబ్బాయి రెండేళ్ళ కిందట బండి మాటెత్తితే "చూద్దాంలే" అన్నాను, వాడే తర్వాత మర్చిపోయాడు. అక్కకి గుర్తుంది. "తమ్ముడికి చూద్దాం, నాకు వద్దు, అంతే కదా?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. పెళ్ళైన కొత్తలో వాళ్ళ నాన్న బండి వెనక, నెత్తిన హెల్మెట్ లేకుండా, ఒక పక్కకి కూర్చుని తిరిగినదాన్ని నేను. "నీ బతుకు నువ్వే నిర్ణయించుకోవాలి" అని చదువు విషయంలో వందసార్లు చెప్పి, బండి దగ్గరికి వచ్చేసరికి అడ్డం నిలబడ్డాను. చివరికి "నేనూ వస్తా, చూస్తా, అప్పుడు చెప్తా" అన్నాను. తను సరేనంది.

ఆ ముడుచుకునే మాట అన్నాక నేను కొలత టేపు తీశాను. చిన్నప్పుడు తన బట్టలు నేనే కుట్టేదాన్ని, ప్రతి ఏడూ అంచు మడత విప్పి పొడుగు పెంచేదాన్ని, ఆ టేపే. గోడకి ఆనించి నిలబెట్టి, కాళ్ళ మధ్య ఒక అట్టపుస్తకం నిటారుగా పైకి నొక్కి పట్టి, దాని పై అంచు నుంచి నేల దాకా కొలిచాను. 91 సెంటీమీటర్లు. బళ్ళ కాగితాల్లో సీటు ఎత్తు ఉంటుంది కదా, అది తనకి అసలు లెక్కే కాదని అప్పుడు అర్థమైంది. పొట్టివాళ్ళకి సీటు ఎత్తు ఎంతో తెలియాలి. పొడుగువాళ్ళకి సీటుకీ ఫుట్‌రెస్ట్‌కీ మధ్య దూరం కావాలి, ఆ కొలత ఏ కంపెనీ కాగితంలోనూ నాకు కనిపించలేదు, మనమే టేపు పట్టుకుని వెళ్ళి కొలుచుకోవాలి. ఆ దూరం తక్కువైతే మోకాలు బాగా మడుచుకుపోతుంది, తొడ పైభాగం పట్టేస్తుంది, మోకాళ్ళు ట్యాంకు గుంటల్లో ఇమడక బయటికి పొడుచుకొస్తాయి. హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు మోకాలికి తగులుతుందేమో కూడా చూడాలి, నెమ్మదిగా వెనక్కి మళ్ళేటప్పుడు పడేసేది అదే.

స్పోర్ట్ బైక్ అంటే వంగే కూర్చోవాలి కదే అన్నాను. "వంగడం వేరు, ముడుచుకోవడం వేరమ్మా" అంది. కూర్చుని చూపించింది. నడుం దగ్గర్నుంచి ముందుకి వాలి, తొడలతో ట్యాంకుని పట్టుకుంటే వెన్ను నిటారుగానే ఉంటుంది, చేతుల మీద బరువు పడదు. చోటు లేనప్పుడే వీపు గూనిలా అయ్యి బరువంతా మణికట్టు మీదికి వస్తుంది. పదహారేళ్ళు ఏ గూని చూసి నేను వయసు అనుకున్నానో, అదే గూని.

రెండు సిలిండర్లే ఎందుకంటే, నాలుగు సిలిండర్ల 600 సీసీ బండి శక్తి అంతా ఇంజను బాగా పైకి తిరిగితేనే బయటికి వస్తుంది, ట్విన్, అంటే రెండు సిలిండర్లది, ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే లాగుతుంది, రోజూ నడిపేవాళ్ళకి అదే హాయి అని చెప్పింది. ఆ శబ్దం కూడా తనకి ఇష్టం. రెండు సిలిండర్లూ వి ఆకారంలో ఉండే 90 డిగ్రీల వి-ట్విన్‌లో, సిలిండర్లలో ఇంధనం పేలే పేలుళ్ళ మధ్య ఎడం సమానంగా ఉండదట, ఒకటి దగ్గరగా ఒకటి దూరంగా పడుతుంది. కొత్త బళ్ళలో సిలిండర్లు పక్కపక్కనే ఉన్నా క్రాంకుని, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసుని, 270 డిగ్రీలకి మలిచి అదే దరువు తెప్పిస్తారు.

చాలా బళ్ళెక్కి దిగాం. కవాసాకీ నింజా 650 నడపడానికి సుఖమే, హ్యాండిల్ ఎత్తుగా ఉంటుంది, కానీ 790 మిల్లీమీటర్ల సీటు తనకి కింద పీట మీద కూర్చున్నట్టుంది, మోకాళ్ళు పైకి లేచిపోయాయి. యమహా ఆర్7 సీటు 835, కాళ్ళకి పరవాలేదు గానీ హ్యాండిల్ మరీ కిందికి ఉంది. అప్రీలియా ఆర్ఎస్ 660 నచ్చింది, 820 సీటు, 659 సీసీ. మొదట్లో ఆ ముడుచుకునే మాట అంది సుజుకీ ఎస్‌వీ650ఎస్ మీద కూర్చున్నప్పుడే. తన కల మాత్రం కేటీఎం ఆర్‌సీ8. 2008లో వచ్చిన బండి, 1148 సీసీ, 75 డిగ్రీల వి-ట్విన్, అందులో ఫుట్‌రెస్ట్‌లు, హ్యాండిల్, చివరికి సీటు ఎత్తు కూడా మనిషిని బట్టి జరుపుకోవచ్చు. "చూడమ్మా, బండే మనిషికి సర్దుకుంటుంది" అని ఫోన్‌లో బొమ్మ చూపించింది. కానీ ఆ శక్తి తనకి ఇప్పుడే ఎక్కువని తనే పక్కన పెట్టింది. నేను నోరెత్తలేదు.

సరిపోని బండికి మార్పులు చేయించుకోవచ్చు, కాకపోతే ఒకటి దిద్దితే ఇంకోటి చెడుతుంది. ఫుట్‌రెస్ట్ కిందికి దించితే మోకాలికి హాయి, మలుపులో బండి వాలినప్పుడు అదే ముందు నేలకి రాసుకుంటుంది. సీటు మందం పెంచితే కాళ్ళకి చోటు వస్తుంది, హ్యాండిల్ ఇంకా కిందికి పోయినట్టై మణికట్టు మీద భారం పెరుగుతుంది. హ్యాండిల్ లేపితే బ్రేకు గొట్టాలు, కేబుళ్ళు పూర్తిగా తిప్పినప్పుడు లాగినట్టు ఉండకూడదు. గాలి అద్దం పొట్టిదైతే గాలంతా హెల్మెట్‌కి కొట్టి తల ఊగిపోతుంది. అందుకే ఎక్కి రెండు నిమిషాల్లో దిగెయ్యకండి, అమ్మేవాళ్ళు ఒప్పుకుంటే ఇరవై నిమిషాలు అలాగే కూర్చోమనండి, మీరు పక్కనుంచి ఫొటో తీయండి. నొప్పి ఎక్కడొస్తుందో పావుగంట దాటాకే తెలుస్తుంది.

సెకండ్ హ్యాండ్‌లో చూసుకోవాల్సినవి తనే నేర్పింది. ఒకచోట గేటు లోపలికి వెళ్ళగానే "ఇంజను మీద చెయ్యి పెట్టి చూడమ్మా" అంది. అరచెయ్యి ఆనించాను, వెచ్చగా ఉంది. ముందే స్టార్ట్ చేసి ఉంచారు. చల్లగా ఉన్నప్పుడు మొరాయించే బండిని అలా దాచొచ్చు, అందుకని ఇంకో రోజు వస్తామని మర్యాదగా చెప్పి వచ్చేశాం. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, 2218 అంటే 2018లో 22వ వారం తయారైందని. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ గొట్టం చుట్టూ నూనె తడి ఉందా, చైన్ ఒకచోట బిగుతుగా ఒకచోట వదులుగా ఉందా, ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పితే నడిమధ్యలో పట్టినట్టు ఆగుతోందా, ఇవన్నీ. చిన్న మీటరుతో బ్యాటరీ కూడా చూస్తుంది. ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, ఇంజను రైజ్ చేస్తే పదమూడున్నర నుంచి పద్నాలుగున్నర మధ్య ఉండాలి, లేకపోతే చార్జింగ్ దగ్గర ఏదో పోయినట్టే.

ఒక అప్రీలియా దొరికింది. కూర్చుంటే సరిపోయింది, తన మొహం వెలిగిపోయింది. నేనే కిందికి వంగి చూసి, హ్యాండిల్ పూర్తిగా తిరిగినప్పుడు ఆగే చోట లోహం నొక్కుకుపోయి ఉండటం కనిపెట్టాను. బండి గట్టిగా పడితేనే అక్కడ అలా అవుతుందని తను చెప్పిన పాఠమే. "నిలబెట్టి ఉండగా ఒరిగింది, అంతే" అన్నాడు అమ్మేవాడు. నిజమే అయ్యుండొచ్చు. ఫ్రేము కొలిపించి చూద్దాం అని తను అంటుంటే, నేను వద్దంటే వద్దని లాక్కొచ్చాను. ఆ నొక్కు కనబడగానే నాకు సంతోషం కలిగింది. బండిలో తప్పు దొరికిందని కాదు, ఇంకో నెల గడుస్తుందని. ఇది తనకి ఇంకా చెప్పలేదు.

పిల్లల ఇష్టాల్లోకి మనమూ వెళ్ళాలి, వాళ్ళతో పాటు నేర్చుకోవాలి అని రాద్దామని కూర్చున్నాను. ఇప్పుడు ఆ మాట గట్టిగా అనలేకపోతున్నాను. నేను వెంట వెళ్ళి ధైర్యం ఇచ్చానా, నా భయాన్ని ప్రతి బండి దగ్గరికీ మోసుకెళ్ళి తన ముందు పెట్టానా? హెల్మెట్, జాకెట్, బూట్లు లేకుండా తాళం ముట్టుకోనని మాటిచ్చింది, నిలబెట్టుకుంటుంది కూడా. అయినా తను బయటికి వెళ్ళి మెసేజ్ పెట్టేదాకా నేను కిటికీ దగ్గరే ఉంటాను. మనవాళ్ళ పిల్లలెవరూ ఇలాంటి పని చెయ్యట్లేదే అని ఆ కిటికీ దగ్గర ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తుంది. ఎత్తు విషయంలో కూడా ఇలాగే అనిపించేది.

చివరికి కుదిరింది డుకాటీ సూపర్‌స్పోర్ట్, 2017లో వచ్చిన మోడల్, 937 సీసీ. సీటు 810 అయినా ఫుట్‌రెస్ట్‌కి తగినంత ఎడముంది, హ్యాండిల్ మరీ కిందికి లేదు, గాలి అద్దం రెండు ఎత్తుల్లో పెట్టుకోవచ్చు. ఇందులో వాల్వ్ తెరవడానికే కాదు మూయడానికీ రాకర్ అనే చిన్న మీట ఉంటుంది, వాల్వ్‌లని నడిపే బెల్టులు తిరిగిన దూరాన్ని బట్టే కాక వయసుని బట్టి కూడా మార్చాలి, అందుకని సర్వీసు పుస్తకం ప్రతి పేజీ చదివి, ఫ్రేము నంబరు కాగితాలతో సరిచూసుకుని తెచ్చింది.

పోయిన ఆదివారం, తను ఎక్కితే బండి ఎంత కుంగుతుందో కొలిచి వెనక స్ప్రింగ్ సెట్ చేశాం. మా ఆయనా అబ్బాయీ వెనక భాగం పైకెత్తి పట్టుకుంటే, చక్రం ఇరుసు నుంచి తోక మీద అంటించిన గుర్తు దాకా నేను టేపు పెట్టి కొలిచాను. తర్వాత తను జాకెట్, బూట్లు, హెల్మెట్ అన్నీ వేసుకుని ఎక్కింది, మళ్ళీ కొలిచాను. రెండింటికీ తేడా 47 మిల్లీమీటర్లు, మరీ ఎక్కువ కుంగుతోంది. ముప్పై నుంచి నలభై మధ్య ఉండాలట. దిగి స్ప్రింగ్ బిగించి మళ్ళీ ఎక్కింది. నేను టేపు పట్టుకుని కింద కూర్చునే ఉన్నాను. నా తల తనకి తగులుతోందని తను కొంచెం పక్కకి ఒదిగింది. "నువ్వు జరక్కు, నేను జరుగుతా" అన్నాను.

"ఎంతమ్మా?"

"ముప్పై అయిదు."

రాసుకుంది.