పాస్‌పోర్టు నంబరు మారాక మా శనివారం

షాంఘైలో మా శనివారం కూరగాయల మార్కెట్‌తో మొదలవుతుంది. ఏడున్నరకల్లా నేనూ మా అమ్మాయీ సంచి పట్టుకుని బయల్దేరతాం. వేసవిలో ఎర్ర తోటకూర, తూటికూర, లేత నేతిబీరకాయలు బాగా వస్తాయి. తూకం జిన్‌లలో వేస్తారు, జిన్ అంటే అరకిలో. ఇక్కడి డబ్బు యువాన్‌ని నోటితో అందరూ క్వాయ్ అనే అంటారు. ఆకుకూరలమ్మే ఆవిడని ఆయీ అని పిలుస్తాం, మనం పిన్నిగారూ అన్నట్టు. అడగకుండానే సంచిలో నాలుగు ఉల్లికాడలు వేస్తుంది.

పోయిన జూన్‌లో ఒక శనివారం 18 క్వాయ్‌ల కూరలు తీసుకుని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే డబ్బులు వెళ్లలేదు. ఇంకోసారి చేశాను, వెళ్లలేదు. నా గుర్తింపు పత్రం గడువు తీరిందని ఫోన్‌లో మెసేజ్ కనిపించింది. నోట్లు ఇక్కడ చెల్లుతాయి, కానీ జేబులో పెట్టుకుని తిరిగే అలవాటు మాకు ఎప్పుడో పోయింది. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. ఆయీ నా మొహం చూసి "శ్యాత్స్ గెయ్" అంది, వచ్చేసారి ఇవ్వు అని. సంచి మా అమ్మాయి చేతికిచ్చేసింది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే.

అంతకుముందు నెలే నా పాస్‌పోర్టు రెన్యూ అయింది. మనకు కొత్త పుస్తకంతో పాటు నంబరు కూడా మారిపోతుంది. చైనాలో విదేశీయుడికి ఆ నంబరు మన ఆధార్ లాంటిది. సిమ్, బ్యాంకు, వీచాట్ (మెసేజ్‌లకీ, కూరల డబ్బులు కట్టడానికీ మేం వాడే యాప్), రైలు టికెట్ అన్నీ దాని మీదే. రెసిడెన్స్ పర్మిట్‌లో వివరాలు మారితే 10 రోజుల్లోపు దరఖాస్తు చేయాలని చట్టం. అది సమయానికే చేశాను. పోలీస్ స్టేషన్‌లో ఇంటి చిరునామా నమోదు కూడా మార్పించుకున్నాను. దాంతో పని అయిపోయిందనుకున్నాను.

ఇంటికొచ్చి సోఫాలో కూర్చుని ముందు వీచాట్‌లో నంబరు మార్చబోయాను. బ్యాంకు వివరాలతో సరిపోవడం లేదంది. నాకు టెన్షన్ మొదలైంది. ఆఫీసులో పక్క సీటు అతనికి ఫోన్ చేస్తే వరస చెప్పాడు. ముందు సిమ్, తర్వాత బ్యాంకు, ఆ తర్వాతే వీచాట్. బ్యాంకు వాళ్లు ఫోన్ నంబరు ఎవరి పేరున ఉందో చూస్తారు కాబట్టి సిమ్‌లో పాత పాస్‌పోర్టు ఉంటే పని అక్కడే ఆగిపోతుందట. మా ఇంటి దగ్గర ఫోన్ షాపూ, బ్యాంకు బ్రాంచీ రెండూ శనివారం తెరిచే ఉంటాయి. అది చాలా మేలు.

ఫోన్ షాపులో అరగంటలో అయిపోయింది. బ్యాంకులో రెండు గంటలు పట్టింది. కౌంటర్‌లో అమ్మాయి నా పేరు కింద ప్లాస్టిక్ స్కేలు పెట్టి, వేలితో ఒక్కో అక్షరం చూసుకుంటూ వెళ్లింది. వాళ్ల పేర్లు రెండు మూడు అక్షరాలే. నాది ఇంటిపేరుతో కలిపి పాతిక పైనే. పేరు సరిపోయింది గానీ, ఈ కొత్త నంబరు మనిషీ ఆ పాత నంబరు మనిషీ ఒకరేనని రుజువేమిటి అని అడిగింది. మూల కత్తిరించిన పాత పాస్‌పోర్టు ఇచ్చాను. చాలదంది. అప్పుడు మా ఆవిడ "ఏమండీ, చివరి పేజీ చూపించండి" అంది. మన పాస్‌పోర్టు చివరి పేజీలో అమ్మానాన్నల పేర్ల కింద పాత పాస్‌పోర్టు నంబరు, ఇచ్చిన తేదీ, ఊరు అచ్చువేసి ఉంటాయి. అన్నాళ్లూ ఆ లైను నేను చదవనేలేదు. ఆ అమ్మాయి స్కేలు దాని కింద పెట్టి, పాత పుస్తకంతో పోల్చుకుని, నవ్వి ముద్ర వేసింది. ఇక్కడున్న మనవాళ్లు పాత పాస్‌పోర్టు పారేయకండి, ఆ పేజీ ఫొటో కూడా ఫోన్‌లో ఉంచుకోండి.

సాయంత్రం ఐదుకి వీచాట్ పనిచేసింది. నేరుగా మార్కెట్‌కే వెళ్లాం. ఆయీ అప్పటికే గంపలు సర్దుతోంది. 18 పంపగానే ఆమె బల్ల మీది చిన్న స్పీకర్ ఎంత వచ్చిందో గట్టిగా చదివింది. మా అమ్మాయి కూడా దాంతో పాటు అరిచింది. మళ్లీ ఉల్లికాడలు.

రైలు సంగతి తర్వాతి వారం చూశాం. పిల్లల్ని దగ్గర్లోని సుజౌ నగరానికి తీసుకెళ్తానని మాటిచ్చాను. ఇక్కడ పెద్ద పండగ సెలవులకి ముందో వెనకో వారాంతాలు పనిరోజులైపోతాయి. 2024లో అక్టోబరు సెలవుల కోసం సెప్టెంబరు 29 ఆదివారం ఆఫీసుకెళ్లాం. అందుకే చేతికొచ్చిన ఆదివారాన్ని వదులుకోలేం. రైలు టికెట్లు తీసే 12306 యాప్‌లో కొత్త నంబరు వేసి, పాస్‌పోర్టు ఫొటో పెట్టి, ఆమోదం వచ్చాకే టికెట్లు తీశాను. 6 ఏళ్లు నిండి 14 నిండని పిల్లలకు సగం ధర, కాబట్టి అమ్మాయికి సగం. నాలుగేళ్ల బాబుకి ఉచితమే, అయినా వాడి వివరాలు కూడా నమోదు చేయాలి. కాగితం టికెట్ ఉండదు, పాస్‌పోర్టే టికెట్. షాంఘైలోని హోంగ్‌చావ్ స్టేషన్‌లో మనిషి ఉన్న గేటు దగ్గరికి వెళ్లి నాలుగు పుస్తకాలూ ఇచ్చాం. అరగంటలోపే సుజౌలో దిగి, మధ్యాహ్నమంతా పింగ్‌జియాంగ్ వీధి కాలువ పక్కనే గడిపాం.

మా ఆవిడ పాస్‌పోర్టు గడువు వచ్చే మార్చిలో. ఆమెది ఇంటిపేరు గడి ఖాళీ, పేరంతా ఒకే గడిలో ఉంది, దానికి కౌంటర్‌లో ఇంకేం అడుగుతారో. ఈసారి సిమ్ షాపు నుంచే మొదలుపెడతాం.